పదహారు వేల కూతుళ్ల తండ్రి

శ్రీకృష్ణుడికి పదహారు వేల మంది భార్యలని పురాణం చెబుతుంది. 1962లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టిన ఒక హోల్‌స్టీన్ ఆబోతుకు కూతుళ్లే 16,000. మనవరాళ్లు 5 లక్షలు, మునిమనవరాళ్లు 20 లక్షల పైమాటే. దాని పేరు పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్. ఈ సంతానంలో చాలాభాగాన్ని అది కళ్లతో చూసి ఎరగదు. అంతా గడ్డకట్టించిన వీర్యం మహిమ. దాని కూతుళ్లు పాలు దండిగా ఇచ్చేవి కాబట్టి ఆ వీర్యానికి అంత గిరాకీ. ఇవాళ అమెరికా హోల్‌స్టీన్ పశువుల జన్యుసంపదలో దాదాపు 14 శాతం ఈ ఒక్క ఆబోతుదేనని లెక్క తేల్చారు. అయితే పాలగుణంతో పాటు చీఫ్ ఇంకొకటి కూడా పంచిపెట్టింది. పిండం ఎదుగుదలకు అవసరమైన ఒక జన్యువు దానిలో ఒక ప్రతి చెడిపోయి ఉంది. రెండో ప్రతి బాగుంటే పశువుకు ఏ లోటూ ఉండదు, చీఫ్‌కూ ఉండలేదు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడిన ప్రతులే వచ్చి కలిస్తే మాత్రం పిండం కడుపులోనే చనిపోతుంది. రైతుకు కనిపించేది ఒక్కటే: ఆవు చూడి నిలవలేదు, లేదా ఈచుకుపోయింది. దాణా లోపమో, ఎద గుర్తించడంలో పొరపాటో అనుకుని మళ్లీ సూది వేయించుకునేవాడు. 2011లో వేల పశువుల డీఎన్‌ఏను పరీక్షిస్తున్న శాస్త్రవేత్తలకు ఒక వింత కనబడింది. ఒక డీఎన్‌ఏ ముక్క ఒంటి ప్రతిగా ఎన్నో పశువుల్లో ఉంది. జంట ప్రతులుగా బతికున్న ఒక్క పశువులోనూ లేదు. పుట్టకుండా పోయిన దూడల ఆచూకీ ఆ ఖాళీలో దొరికింది. వంశావళి వెనక్కి తవ్వుకుంటూ పోతే చీఫ్ దగ్గర తేలింది. 35 ఏళ్లలో ప్రపంచమంతటా సుమారు 5,25,000 గర్భస్రావాలకు, 42 కోట్ల డాలర్ల నష్టానికి ఇదే కారణమని 2016లో అంచనా కట్టారు.

అదే అంచనాలో ఇంకో అంకె ఉంది. చీఫ్ జన్యువుల వల్ల పెరిగిన పాల విలువ 3,000 కోట్ల డాలర్లు. అంటే నష్టానికి డెబ్బై రెట్లు లాభం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, లాభం కావాలంటే ఆ మాత్రం నష్టం తప్పదని చెప్పేవాళ్లు పశుసంవర్ధక రంగంలో చాలామందే ఉన్నారు. ఈ అధ్యాయంలో నా వాదన అంతా ఆ మాట మీదే. జన్యు ప్రగతికీ జన్యు వైవిధ్యానికీ పోటీ ఉన్న మాట నిజమే. కానీ గత అరవై ఏళ్లలో మనం పోగొట్టుకున్న వైవిధ్యంలో ఎక్కువ భాగం ప్రగతికి చెల్లించిన ధర కాదు. చుట్టరికాన్ని లెక్కలో వేసుకోకపోవడం వల్ల ఊరికే జారిపోయింది. పాలు పెరగడానికి కారణం చీఫ్‌ను వాడటం. దూడలు పోవడానికి కారణం చీఫ్ సంతతినే మళ్లీ మళ్లీ ఎంచుకుని, వాటిలో వాటికే సంబంధాలు కలిపే పరిస్థితి తెచ్చుకోవడం. ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు. మొదటిదానికి వచ్చిన లాభాన్ని రెండోదాని ఖాతాలో రాయకూడదు.

ముందు ప్రగతి ఎలా వస్తుందో చూద్దాం. 1937లో జే లష్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పశు ప్రజననం మీద రాసిన గ్రంథంతో ఈ శాస్త్రం గణితపు బాట పట్టింది. దాని సారం నాలుగు అంశాల్లో ఇమిడిపోతుంది. ఎంత గట్టిగా వడగట్టి ఎంచుకుంటున్నాం, ఆ ఎంపికలో మన అంచనా ఎంత కచ్చితం, మందలో జన్యుపరమైన తేడాలు ఎంత ఉన్నాయి, ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎన్నేళ్లు పడుతోంది. మొదటి మూడింటినీ హెచ్చించి నాలుగోదానితో భాగిస్తే ఏడాదికి వచ్చే ప్రగతి తేలుతుంది. ఇందులో మూడోదాన్ని గమనించండి. తేడాలు లేని మందలో ఎంపికకు అర్థమే లేదు. అందరూ ఒకే ఎత్తున్న వరసలో పొడుగువాణ్ణి వెతకలేం కదా. తమాషా ఏమిటంటే, మొదటి రెండింటినీ పెంచే కొద్దీ మూడోది తరుగుతుంది. గట్టిగా వడగడితే మిగిలే తండ్రులు తక్కువ. అంచనా కచ్చితంగా ఉండాలంటే అన్నదమ్ముల కూతుళ్ల, అక్కచెల్లెళ్ల పాల లెక్కలు కూడా కలిపి చూడాలి. అలా చూసినప్పుడు ఒకే కుటుంబంలోని కోడెలన్నిటికీ దగ్గర దగ్గర మార్కులు పడతాయి, జాబితా పైభాగంలో అవే గుంపుగా చేరతాయి. అంటే కొలిచే పద్ధతి మెరుగైన కొద్దీ, మనకు తెలియకుండానే, అన్నదమ్ముల్ని మూకుమ్మడిగా ఎంచుకునే ప్రమాదం పెరిగింది. దురాశ అవసరం లేదు. నిజాయితీగా మార్కులు వేసి, నిజాయితీగా పైనుంచి పదింటిని తీసుకుంటే చాలు, వైవిధ్యం కరిగిపోతుంది.

ఎంత వేగంగా కరుగుతుందో చెప్పే లెక్కను సీవల్ రైట్ ఇచ్చాడు. మందలో ఎన్ని తలలున్నాయన్నది కాదు ముఖ్యం, తర్వాతి తరానికి జన్యువులు ఎందరి నుంచి అందుతున్నాయన్నది ముఖ్యం. ఒక ఆబోతు, 100 ఆవులు ఉన్న మందను తీసుకుందాం. తలలు 101. రైట్ సూత్రం ప్రకారం దాని అసలు జన్యు పరిమాణం నాలుగుకు కాస్త తక్కువ. పుట్టిన ప్రతి దూడలో సగం జన్యువులు ఆ ఒక్క తండ్రివే మరి. అవే 100 ఆవులకు పది ఆబోతులుంటే ఆ పరిమాణం 36కు పెరుగుతుంది. ఆవుల సంఖ్యను వెయ్యికి పెంచినా, ఒకే ఆబోతు ఉన్నంత కాలం అది నాలుగు దాటదు. దీన్ని ‘ప్రభావక సంఖ్య’ అంటారు. ఇది 50కి తగ్గితే తరానికి ఒక శాతం చొప్పున అంతఃప్రజననం, అంటే చుట్టాల మధ్య సంతానం, పెరుగుతుంది. అంతకు కిందికి పోనివ్వొద్దన్నది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చాలాకాలంగా చెబుతున్న హద్దు. అమెరికాలో పాడి ఆవులు 90 లక్షలకు పైగా ఉన్నాయి, వాటిలో అత్యధికం హోల్‌స్టీన్లే. వాటి ప్రభావక సంఖ్య మాత్రం వందకు లోపే. 2015లో పెన్సిల్వేనియా పరిశోధకులు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ దారిని వెతుక్కుంటూ పోయారు. ఉత్తర అమెరికాలో కృత్రిమ గర్భధారణకు వాడుతున్న హోల్‌స్టీన్ ఆబోతులన్నీ 1880లో పుట్టిన రెండే రెండు ఆబోతుల దగ్గరకు వెళ్లి ఆగాయి. ఆ రెండు పాయల్లో ఒకటి చీఫ్ మీదుగా, రెండోది 1965లో పుట్టిన ఎలివేషన్ అనే ఆబోతు మీదుగా ప్రవహించింది.

ఇది ఎప్పటినుంచో ఉన్న పరిస్థితి కాదు. బాధ్యత లేకుండా ఊరి మీద పడి తిరిగేవాణ్ణి ‘అచ్చోసిన ఆంబోతు’ అని తిడతాం గానీ, ఆ తిట్టు వెనక ఉన్న ఆచారానికి జన్యుశాస్త్రం గౌరవం ఇవ్వాలి. ఒంగోలు ప్రాంతంలో పెద్దలు పోయినప్పుడు ఒక మంచి కోడెను ఎంచి, ముద్ర వేసి, దేవుడి పేరున ఊరికి వదిలేవారు. ఊరి రైతులు దాని ఒడ్డూపొడుగూ చూసి ఒప్పుకోవాలి. అది ఏ చేలో పడినా కొట్టేవారు కాదు. అదే ఊరి ఆవులకు విత్తనపు ఆబోతు. ఆ ఎంపికలో పాల రికార్డులు లేవు, గణితం లేదు, ప్రగతి నెమ్మదే. కానీ కాళ్లతో నడిచి వెళ్లగలిగినంత మేరకే ఒక ఆబోతు తండ్రి కాగలిగేది. ఊరికొక తండ్రి. ఎంత గొప్ప ఆబోతయినా ఏడాదికి వంద ఆవులకు మించి కట్టలేదు. ప్రకృతి పెట్టిన ఆ హద్దును 1949లో ఇంగ్లండులో గ్లిజరిన్ చెరిపేసింది. దాన్ని కలిపి గడ్డకట్టిస్తే వీర్యకణాలు చావవని అక్కడి శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఆ తర్వాత ఒక ఆబోతు వీర్యం లక్షల డోసులుగా మారి సముద్రాలు దాటింది. 2014లో చనిపోయిన టాయ్‌స్టోరీ అనే హోల్‌స్టీన్ ఆబోతువి 24 లక్షల డోసులు అమ్ముడుపోయాయి. మన ఒంగోలు జాతి కథ కూడా ఇక్కడ కలుస్తుంది. బ్రెజిల్‌లో నెల్లూరు పేరు మీదుగా ‘నెలోర్’ అని పిలిచే కోట్ల కొద్దీ తెల్ల పశువులకు మూలం ఈ కోస్తా నుంచి ఓడల్లో వెళ్లిన కొద్దిపాటి పశువులు. చివరి పెద్ద దిగుమతులు 1960ల తొలి ఏళ్లలో జరిగాయి. వాటిలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతో వెళ్లిన ఆబోతు అక్కడి వంశావళుల్లో అత్యంత ప్రభావశీలి అయిన పూర్వీకుల్లో ఒకటయింది. మనకు గర్వంగానే ఉంటుంది. కానీ జన్యు లెక్కల్లో కరవది కథ, చీఫ్ కథ ఒకే కోవవి.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఇందాకటి డెబ్బై రెట్ల లాభం. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: చీఫ్‌ను సగమే వాడి ఉంటే లాభం కూడా సగమయ్యేదా? అయ్యేది కాదు. జాబితాలో మొదటి ఆబోతుకూ, అయిదో ఆబోతుకూ ఉండే తేడా చాలాసార్లు అంచనాలో ఉండే పొరపాటు కంటే చిన్నది. మొదటిదాని వాడకంలో కొంత తగ్గించి, వేరే వంశానికి చెందిన అయిదోదానికి ఇస్తే పాలలో పోయేది చిటికెడు, చుట్టరికంలో తగ్గేది పిడికెడు. పోటీ ఉన్నది నిజమే గానీ, అది మొదటి అడుగు నుంచే మొదలవదు. నెదర్లాండ్స్‌కు చెందిన టి.హెచ్.ఇ. మ్యూవిసెన్ 1997లో దీన్ని గణితంలో పెట్టాడు. ఈ తరంలో చుట్టరికం ఇంతకు మించి పెరగకూడదని ముందే హద్దు గీసి, ఆ హద్దు లోపల ఏ ఆబోతు ఎన్ని దూడలకు తండ్రి కావాలో కంప్యూటర్ చేత లెక్క కట్టించాడు. కంప్యూటర్‌లో నడిపిన ఆ నమూనా మందల్లో, అంతఃప్రజననం సమానంగా ఉంచి పోల్చినప్పుడు, మామూలు మార్కుల పద్ధతి కంటే 21 నుంచి 60 శాతం దాకా ఎక్కువ ప్రగతి వచ్చింది. ఈ ఫలితాన్ని తిరగేసి చదవండి. మామూలు పద్ధతిలో ఎంచుకున్నవాళ్లు వైవిధ్యాన్ని అమ్ముకుని కూడా దానికి రావలసిన ధర తెచ్చుకోలేదని అర్థం.

ఆ డెబ్బై రెట్ల లెక్కలో కంటికి కనబడని ఖర్చులు ఇంకా ఉన్నాయి. అమెరికాలో ఆవు సగటు పాల దిగుబడి 1960లో ఏడాదికి 3,200 కిలోలు; 2020కి దాదాపు 10,800 కిలోలకు చేరింది. మేత, పోషణ పాత్ర కూడా అందులో ఉంది, అయినా ఇది అసాధారణం. అదే కాలంలో ఆవులు చూడి కట్టే శాతం 2000 నాటి దాకా దిగజారుతూ వచ్చింది. అందరూ పాల మీదే కన్నేసి ఎంచుకోవడంతో, పాలకు అడ్డుపడే గర్భధారణ గుణం వెనకబడిపోయింది. 2003లో అమెరికా ఎంపిక సూచీలో కూతుళ్ల చూడి శాతాన్ని కూడా చేర్చాక ఆ పతనం ఆగి, మళ్లీ మెల్లగా పైకి లేచింది. నార్వేలో ఇదే పని 1972లోనే చేశారు, 1978లో పొదుగువాపు తట్టుకునే గుణాన్నీ కలిపారు. నార్వే ఎర్ర ఆవు గర్భధారణలోనూ ఆరోగ్యంలోనూ పేరు తెచ్చుకుంది. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఒకటి. 2003లో అమెరికా వాళ్లు దారి మార్చుకోగలిగారంటే, మందలో ఆ గుణానికి సంబంధించిన తేడాలు ఇంకా మిగిలి ఉండబట్టే. 1962లో పాల మీద కన్నేసినవాళ్లు వాటిని కావాలని దాచిపెట్టలేదు. అదృష్టం కొద్దీ మిగిలాయి. ఎండను తట్టుకునే గుణం దగ్గర ఆ అదృష్టం పూర్తిగా కలిసిరాలేదు. హోల్‌స్టీన్‌లో అది చాలనందున, కరీబియన్ పశువుల నుంచి పొట్టి నున్నని వెంట్రుకలనిచ్చే జన్యువును సంకరం చేసి తెచ్చుకుంటున్నారు. రేపు ఏ గుణం కావాలో ఇవాళ్టి సూచీలో రాసి ఉండదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఇల్లినాయ్‌లో 1896లో సిరిల్ హాప్‌కిన్స్ ఒకే మొక్కజొన్న రకం నుంచి 24 కంకులు ఏరి, గింజలో నూనె పెంచడానికి ఎంపిక మొదలుపెట్టాడు. ఆ ప్రయోగం ఆయన తర్వాత కూడా సాగి వంద తరాలు దాటింది. 5 శాతం లోపు ఉన్న నూనె 20 శాతం మించింది, అయినా ఎదుగుదల పూర్తిగా ఆగలేదు. మరి వైవిధ్యం అయిపోతుందని ఈ కంగారెందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక గుణం వెనక వందల చిన్న జన్యువులుంటే వైవిధ్యం ఒక్కసారిగా ఎండిపోదు. కొత్త ఉత్పరివర్తనాలు కూడా కొంత నీరు పోస్తూ ఉంటాయి. పైగా కంకి ఒక్కటే అయినా, గాలిలో వచ్చిన పుప్పొడి వల్ల దాని గింజలకు తండ్రులు ఎందరో, కాబట్టి 24 కంకులంటే 24 మొక్కల సంపద మాత్రమే కాదు. అంతకంటే పెద్ద మాట, ఆ నూనె మొక్కజొన్న రైతు పొలంలో పనికొచ్చే పంట కాలేదు. నూనె పెరిగింది, దిగుబడి పడిపోయింది. ఒక్క గుణాన్ని వందేళ్లు లాగవచ్చని ఆ ప్రయోగం రుజువు చేసింది, సందేహం లేదు. పాలు, చూడి, కాళ్ల బలం, పొదుగు ఆరోగ్యం, ఎండకు ఓర్పు అన్నీ కలిసి కావలసిన పశువు విషయంలో అది ఇచ్చే భరోసా తక్కువ. మొక్కజొన్నలో ఒక తరానికి ఒక పంట కాలం, ఆవులో నాలుగైదేళ్లు. మొక్కజొన్నలో చెడ్డ మొక్కను పీకి పారేస్తాం; ఆవు ఈచుకుపోతే ఒక కుటుంబం ఏడాది ఆదాయం పోతుంది.

మూడోది, ‘జన్యు బ్యాంకులున్నాయి కదా, కావలసినప్పుడు తీసుకోవచ్చు’ అనే ధీమా. ఇందులో సగం నిజం. పెన్సిల్వేనియా పరిశోధకులు కొలరాడోలోని జాతీయ భాండాగారంలో దశాబ్దాల కిందట దాచిన వీర్యంతో, అంతరించిన హోల్‌స్టీన్ పితృవంశాలను మళ్లీ పుట్టించారు కూడా. మన దగ్గరి ఉదాహరణ వరిది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204ను, అంటే మన సాంబ మసూరిని, బ్యాక్టీరియా ఎండుతెగులు పట్టి పీడించేది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను దానిలోకి చేర్చి 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ని విడుదల చేశాయి. వాటిలో ఒకటైన ఎక్స్‌ఏ21 పశ్చిమ ఆఫ్రికాలోని మాలికి చెందిన అడవి వరిలోనిది. అక్కడ సేకరించిన నాటి నుంచి మన పొలానికి చేరడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. అదీ ఒక్కటే పెద్ద జన్యువు కాబట్టి, గుర్తులు పెట్టి పట్టుకోగలిగారు కాబట్టి. వెయ్యి చిన్న జన్యువుల మీద ఆధారపడిన గర్భధారణ గుణాన్ని అలా చెంచాతో తీసి పోయలేం. 1950ల నాటి ఆబోతు వీర్యం వాడితే దాని వైవిధ్యంతో పాటు 1950ల నాటి పాల దిగుబడీ వస్తుంది. దాన్ని నేటి స్థాయికి లాక్కురావడానికి తరాలు పడతాయి. ఏ రైతు ఆ ఖర్చు భరిస్తాడు? జన్యు బ్యాంకు ఉండాల్సిందే, కానీ అది అగ్నిమాపక బండి లాంటిది. దాన్ని చూసుకుని ఇంట్లో నిప్పుతో ఆడుకోం.

మన సమాజానికి బాగా తెలిసిన ఒక విషయం ఇక్కడ తికమక పెడుతుంది. మేనరికం, సగోత్రం అనే లెక్కలు మనకు కొత్త కాదు కాబట్టి, పశువుల్లో కూడా దగ్గరి చుట్టాలకు జత కట్టకపోతే సరిపోతుందని అనిపిస్తుంది. చాలా దేశాల్లో వీర్యం అమ్మే సంస్థలు రైతుకు ఇచ్చే సేవ కూడా ఇదే: మీ ఆవుకు దగ్గరి చుట్టం కాని ఆబోతును మా కంప్యూటర్ చూపిస్తుంది. మంచిదే, ఈ ఏడు పుట్టే దూడ బాగుంటుంది. కానీ ఎవరికి ఎవరితో సంబంధం కలపాలన్నది ఒక ప్రశ్న, అసలు ఎవరు ఎందరు పిల్లల్ని కనాలన్నది వేరే ప్రశ్న. మొదటిది ఎంత జాగ్రత్తగా చేసినా, రెండోది వదిలేస్తే నాలుగు తరాల తర్వాత ఊరంతా ఒకే తాత మనవలై ఉంటారు. అప్పుడు చుట్టం కాని సంబంధం వెతకాలన్నా దొరకదు. నష్టాన్ని ఎవరు మోస్తారన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ఏ రైతుకు ఆ రైతు జాబితాలో మొదటి ఆబోతును వాడుకోవడం లాభమే. ఏ సంస్థకు ఆ సంస్థ ఎక్కువ అమ్ముడుపోయే ఆబోతునే పెంచడం లాభమే. జాతి మొత్తం ఇరుకైపోవడం ఎవరి పద్దులోనూ ఖర్చుగా కనబడదు. ఊరి చెరువు పూడికలాంటి సంగతి ఇది. అందుకే హద్దు గీసే పని జాతి మొత్తాన్ని చూసే సంఘమో, ప్రభుత్వమో చేయాలి తప్ప రైతు విచక్షణకు వదిలేసేది కాదు.

2009లో అమెరికాలో డీఎన్‌ఏ ఆధారంగా ఆబోతుల మదింపు అధికారికంగా మొదలయ్యాక ఈ పని మరింత తొందర చేయాల్సినదయింది. అంతకు ముందు కోడె పెద్దదై, దాని కూతుళ్లు ఈని, వాటి పాలు కొలిచే దాకా ఆగాలి. ఇప్పుడు పుట్టిన దూడ వెంట్రుక చాలు. ఆబోతుల్ని కనే ఆబోతుల తరం ఏడేళ్ల నుంచి రెండున్నర ఏళ్లకు కుదించుకుపోయింది. లష్ చెప్పిన నాలుగో అంశం తగ్గడంతో పాల ప్రగతి వేగం ఎంతో పెరిగింది. అయితే తరానికి అదే ఒక శాతం అంతఃప్రజననం పెరిగినా, తరాలు మూడింతల వేగంతో దొర్లుతుంటే ఏడాది లెక్కన అది మూడింతలవుతుంది. సాధనంలో దోషం లేదు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన రెండు దూడల్లో ఏది ఏ ముక్కలు పంచుకుందో డీఎన్‌ఏ చూపిస్తుంది. అన్నదమ్ములందరినీ ఒకే గాటన కట్టకుండా ఒక్కణ్ణే ఏరుకోవచ్చు. చుట్టరికాన్ని కాగితం మీద వంశావళితో కాక, నేరుగా కొలవవచ్చు. చీఫ్ కాలంలో ఈ సదుపాయం లేదు, వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు ఉంది.

మన దగ్గరా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ 2021లో గిర్, సాహివాల్, కాంక్రేజ్, ఒంగోలు వంటి దేశీ జాతుల కోసం 11 వేల పైచిలుకు గుర్తులున్న ‘ఇండిగౌ’ జన్యు చిప్‌ను తెచ్చింది. రేపు ఒంగోలు ఆబోతులకు డీఎన్‌ఏ మార్కులు పడతాయి, జాబితాలు వస్తాయి, మొదటి వరసలోని రెండు మూడు ఆబోతుల వీర్యం కోసం అందరూ ఎగబడతారు. ఆ జాబితా అచ్చువేసే అధికారులకు నా విన్నపం ఒక్కటే. పాల మార్కు పక్కన ఇంకో గడి పెట్టండి. ఆ ఆబోతుకు మిగతా మందతో సగటు చుట్టరికం ఎంతో అందులో రాయండి. ఒక్కో ఆబోతు డోసులు ఇన్నింటికి మించకూడదని ముందే హద్దు ప్రకటించండి. రైతులారా, గోపాలమిత్ర ఈసారి మీ ఆవుకు సూది వేయడానికి వచ్చినప్పుడు, ఆ ఆబోతు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందని అడుగుతారు కదా, దాని తండ్రి ఎవరో కూడా అడగండి.